కత్తెర పట్టుకుని ముగ్గురు అత్తల ఇళ్లకు

జనగామ నుంచి భూపాలపల్లికి పోవాలంటే హనుమకొండలో దిగి, పరకాల మీదుగా పోయే బస్సు ఎక్కితే చాలు. పొద్దున బయలుదేరినవాళ్లు మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉంటారు. నేను మాత్రం మానుకోట మీదుగా, గంగారం అడవి చూసుకుంటూ, ఇద్దరు పెద్దవాళ్ల చేత తిట్లు తింటూ పోయాను. ఆ దారిన భూపాలపల్లికి ఇంకెవరూ పోయి ఉండరు. కాబట్టి దాని సంగతులు నేనే రాయాలి.

జనగామలో నోరు జారడం

అది ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి చలికాలం. అసలు కథ అంతకు ముందే మొదలైంది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్ల మీదికి వచ్చినప్పుడు కాలేజీలు మూతపడ్డాయి. నా పీయూసీ సగంలో ఆగింది. ఇంట్లో ఊరికే కూర్చున్న నాకు, పక్కింట్లో అద్దెకున్న, ఆసుపత్రిలో పనిచేసే మలయాళీ నర్సమ్మ కాగితం కుట్టు నేర్పింది. మన ఇళ్లలో బొంత అంటే పాత చీరలు పొరలుగా పరిచి దూరం దూరంగా కుట్టేయడమే కదా. ఆమె పద్ధతి వేరు. దళసరి కాగితాన్ని కావలసిన ఆకారంలో కత్తిరించాలి. దాని మీద బట్ట ముక్క పెట్టి, అంచులు వెనక్కి మడిచి కచ్చా కుట్టు వేయాలి. అలాంటి ముక్కలను అంచుకు అంచు ఆనించి సన్నగా కుట్టుకుంటూ పోతే ఒక గడి తయారవుతుంది. చివరికి కాగితాలు లాగేస్తే బట్ట మీద పువ్వో, నక్షత్రంలాంటి చుక్కో నిలుస్తుంది. కొనలన్నీ ఒకే చోట సూదిమొనంత కచ్చితంగా కలుస్తాయి.

చదువు ఆగిపోయింది గానీ గర్వం ఆగలేదు. పెళ్లయి అత్తవారింటికి వచ్చాక ఎవరింట్లో పెళ్లిపత్రిక కనిపించినా అడిగి తెచ్చుకునేదాన్ని. పత్రికల అట్ట నా కుట్టుకు బాగా పనికొస్తుంది. వాడకట్టులో ఎవరు దొరికినా నా చుక్కల గడులు చూపించి, వాళ్లు పారిపోయేదాకా వివరించేదాన్ని.

ఇక చీర సంగతి. మా అత్త లచ్చమ్మకు ఇద్దరు అక్కలు. పెద్దామె మల్లమ్మది భూపాలపల్లి, నడిపామె సత్తెమ్మది మానుకోట. నాకు పెద్దత్త, నడిపత్త. ముగ్గురూ వాళ్ల అమ్మను అవ్వ అని పిలిచేవారు. ఆ అవ్వ మా ఇంట్లో కన్నుమూసింది. ఆమె మిగిల్చిపోయిన మంచి వస్తువల్లా ఒక్క పట్టుచీర. ముదురు ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర అంచు, కొంగు నిండా జరీ. అది మా అత్త బట్టలు దాచుకునే సందుగలో ఉంది.

సంవత్సరీకం నాడు విస్తళ్ల ముందే గొడవ లేచింది.

"అవ్వ నీ ఇంట్ల పోయింది గని, నీ ఒక్కదానికే అవ్వనా?" అంది నడిపత్త.

"మంచాన పడ్డనాడు రానిదానివి, చీరెకైతే వస్తివా?" అంది మా అత్త.

పెద్దత్త సగం అన్నంలో చెయ్యి కడుక్కుని బస్టాండుకు నడిచిపోయింది. అప్పటినుంచి ముగ్గురికీ మాటల్లేవు. మా అత్త ఆ చీరను సందుగలోంచి తీసేది, ఒడిలో పెట్టుకునేది, మళ్లీ లోపల పెట్టి రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండేది. చూసి చూసి ఒకరోజు నోరు జారాను.

"అత్తా, మూడు బొంతలు కుడుత. ఒక్కొక్క బొంత నడుమ అవ్వ చీరెతోని ఒక్కొక్క చుక్క పెడుత. ముగ్గురికీ సమానం."

"అవ్వ చీరెను కత్తెరతోని కోస్తవా?" అని మా అత్త నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కొన్నాళ్లకు మాత్రం, "వాళ్లిద్దరు ఒప్పుకుంటే కొయ్యి, పో" అంది. అది జరిగే పని కాదని ఆమె ఉద్దేశం. నేను దాన్ని అనుమతి కింద తీసుకున్నాను.

మా ఆయన ఒక్కటే అన్నాడు. "నువ్వు చుక్కలు కుట్టుడు తర్వాత, వాళ్లు నీకు చుక్కలు చూపిస్తరు."

రైల్లో నా ప్రదర్శన

చీరను నా ఒక్కదాని చేతికివ్వనని మా అత్త కూడా వచ్చింది, ఇద్దరం ప్యాసింజర్ రైల్లో మానుకోటకు బయలుదేరాం. ఆ ఊరి పేరు మహబూబాబాదు అని స్టేషన్లో రాసి ఉంటుంది గానీ మావాళ్లెవరూ అలా అనరు. మా అత్త చీరను పాత ధోవతిలో చుట్టి ఒడిలో పెట్టుకుంది. నా సంచిలో కత్తెర, దారాలు, పెళ్లిపత్రికల నుంచి కత్తిరించిన కాగితపు ముక్కలు. నడిపత్తకు నమూనాగా చూపించడానికి ఒక చుక్క ఇంకా కుట్టులోనే ఉంది. దారిలో పూర్తి చేద్దామని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఎదుటి బల్ల మీద డోర్నకల్ పోయే ఒకామె ఉడకబెట్టిన అనపకాయలు ఒలుచుకు తింటోంది. మాకూ ఒక దోసెడు పెట్టింది. ఆ వేడి అనపకాయల రుచికి జనగామలో ఎన్ని తిన్నా సాటిరావు. కాసేపు నా చేతుల వైపు చూసి అడిగింది.

"గిదేందక్కా, బట్ట లోపల కాయితం పెడుతున్నవు?"

ఇంకేం కావాలి నాకు. కోణాల నుంచి మొదలుపెట్టాను. ఆరు ముక్కలు ఎందుకు, ఐదు ఎందుకు కాకూడదు, కొనలు కలవకపోతే ఏమవుతుంది, అన్నీ చెప్పాను. ఆమె ఒక ముక్కను వెనక్కి తిప్పి కూడబలుక్కుని చదివింది.

"చిరంజీవి లక్ష్మీ సౌ... అని ఉన్నది. ఎవరి పెండ్లక్కా?"

"తెల్వదు."

"తెల్వనోళ్ల పెండ్లి కత్తిరించినవా?" అని నోరు నొక్కుకుంది.

మానుకోట వచ్చింది. చివరి కుట్టు వేసి, ముడి బిగించి, దారం తెంపి గర్వంగా లేచాను. చుక్క కూడా నాతో లేచింది. చెప్పే ధ్యాసలో దాన్ని నా చీర కుచ్చిళ్లకు కలిపి కుట్టేశాను. విప్పే సమయం లేదు. రైలు కదులుతోంది. ప్లాట్‌ఫారం మీద నేను నడుస్తుంటే మోకాలి దగ్గర చుక్క ఊగుతోంది. కిటికీలోంచి ఆమె అరిచింది.

"అక్కా, చుక్క నీ ఎంబడే వస్తాంది!"

మా అత్త నాకు పది అడుగుల దూరంలో, పరాయి మనిషిలా నడవసాగింది.

మానుకోట: కొంగు ఎవరికి

నడిపత్త తలుపు తీసి, మొదట నా మోకాలి వైపు చూసింది.

"గదేందే?"

"నమూనా," అన్నాను.

చెల్లెలిని మాత్రం చూడనట్టే లోపలికి పోయింది. అయినా ఇద్దరికీ మంచినీళ్లు వచ్చాయి, ఆ వెనుకే తినడానికి పిండివంట వచ్చింది. మా వైపు సర్వపిండి అనేదాన్ని వాళ్లు తపేల చెక్క అంటున్నారు. ఖమ్మం గాలి తగిలిన ఊరు. అక్కడి సర్వపిండిలో శనగపప్పు ఎక్కువ, కారం తక్కువ. ఆ మాట పైకి అనబోయి ఆపుకున్నాను. నా జీవితంలో నేను ఆపుకున్న కొద్ది మాటల్లో అదొకటి.

తిన్నాక నా లెక్క చెప్పాను. నడిపత్త ఓపిగ్గా విని ఒకే షరతు పెట్టింది.

"కొంగు నాకు రావాలె."

"కొంగు ఇయ్య. మంచంల పక్క తడిసినా, ఒళ్లు నొచ్చినా, అవ్వను పట్టుకోని లేపింది నేను," అంది మా అత్త, గోడ వైపు తిరిగి.

నేను గబగబా నేల మీద సుద్దముక్కతో కొంగు బొమ్మ గీశాను. ఒక్కొక్క చుక్కకు ఆరు రెక్కలు. జరీ అంతా ముగ్గురికీ సమానంగా పంచేలా రెక్కలు ఎలా కోయాలో చూపించాను. నడిపత్త చాలాసేపు చూసింది.

"లెక్క మంచిగనే ఉన్నది. కని అక్క ఒప్పుకోవాలె గదా. నేను గూడ వస్త. మీ అత్త ఆడికి పోయి ఏం మతలబు చేస్తదో నాకేం ఎరుక?"

అలా ముగ్గురమయ్యాం.

గూడూరులో బస్సు మారడం

మరునాడు బస్సులో ఇద్దరి మధ్య నన్ను కూర్చోబెట్టారు. మాటలన్నీ నా మీదుగానే ప్రయాణం చేశాయి.

"పిల్లా, మీ అత్తకు చెప్పు, మూట గట్ల ఒత్తి పట్టుకుంటే చీరె నలుగుతదని."

"సుజాతా, మీ నడిపత్తకు చెప్పు, నలిగినా నా ఒడిలనే నలుగుతదని."

ఒకరి మాట ఒకరికి వినిపిస్తూనే ఉన్నా, నేను మళ్లీ చెప్పకపోతే జవాబు వచ్చేది కాదు.

గూడూరులో దిగి నర్సంపేట బస్సు పట్టుకోవాలి. అక్కడినుంచి ములుగు మీదుగా భూపాలపల్లి. దారి కనుక్కునే బాధ్యత చదువుకున్నదాన్ని కాబట్టి నాకు అప్పగించారు. నేనేమో పట్టు మీద కచ్చా కుట్టు ఏ రంగు దారంతో వేయాలా అని ఆలోచిస్తున్నాను. ఒక బస్సు కదలబోతోంది. ముందు బోర్డు మీద గంగారం అని ఉంది. అది డ్రైవరు పేరనుకున్నాను. ఈ మధ్య డ్రైవర్ల పేర్లు కూడా రాస్తున్నారు కాబోలు, మంచిదే అనుకుని ఇద్దరినీ ఎక్కించాను.

ఊళ్లు తగ్గి చెట్లు పెరుగుతుంటే, ములుగు దారి ఎంత పచ్చగా ఉందో అని మెచ్చుకున్నాను కూడా. కండక్టరు టికెట్ల కోసం వచ్చినప్పుడు నర్సంపేటకు మూడు అన్నాను.

"నర్సంపేటనా? అక్కా, గిది గంగారం పోతది. అడవిల ఆఖరు ఊరు. మళ్ల రేపు పొద్దుగాలనే వాపస్ వచ్చుడు."

"గంగారం అంటే డ్రైవరు పేరు కాదా అన్నా?"

బస్సంతా వినిపించింది. డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు.

మా అత్త నెమ్మదిగా అడిగింది. "నువ్వు పీయూసీ ఎట్ల చదివినవే?"

"చదవలే అత్తా. నడుమ ఆగిపాయె గదా."

"ఆగుడే మంచిదైంది."

అప్పుడు నడిపత్త నా మీదుగా వంగి, సంవత్సరీకం తర్వాత మొదటిసారి చెల్లెలి ముఖంలోకి చూసింది.

"ఓ లచ్చీ, గీ పిల్లను ఏడికెల్లి తెచ్చుకున్నవే?"

"మీ మరిదే చూసిండక్కా. నాకేం తెల్వది. బొంత మంచిగ కుడుతదని చెప్పిండ్రు."

"బోర్డు సదువ రాదని చెప్పలేదా?"

ఇక మొదలైంది. ఇద్దరూ వంతులవారీగా నన్ను తిట్టుకుంటూ, మధ్యలో అవ్వ ఉంటే ఏమనేదో తలుచుకుంటూ, గంగారం వచ్చేదాకా ఆగలేదు. నేను నోరు విప్పకుండా కూర్చున్నాను. అంత సంతోషంగా తిట్లు తినడం నాకు అదే మొదలు.

గంగారం: పొయ్యిలోకి పోయిన పెళ్లిళ్లు

బస్సు ఆగినచోట తడికల గోడల చాయ్ హోటలు ఒకటి ఉంది. దాన్ని నడిపే సమ్మక్క మా కథ విని, "డ్రైవరు పేరనుకున్నవా!" అని నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని మమ్మల్ని ఉండమంది. పాలు లేని బెల్లం చాయ్ ఇచ్చింది. మోదుగాకు విస్తట్లో జొన్నరొట్టె, నూరిన పచ్చిమిర్చి తొక్కు పెట్టింది. మా ఇంట్లో జొన్నరొట్టె పలుచగా చేస్తారు. ఆమెది అరచేయంత మందం, ఒక్కటి తింటే లేవలేం. నేను రెండు తిన్నాను.

సమ్మక్క దగ్గర అదనంగా ఉన్నది ఒక్క బొంత. అది పెద్దవాళ్లిద్దరికీ ఇచ్చింది. బొంతల గురించి ఇంత మాట్లాడిన నాకు గోనెసంచులు దొరికాయి.

పొద్దున లేచి చూస్తే అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే బొంత కింద, చిన్నపిల్లల్లా కాళ్లు ముడుచుకుని ఉన్నారు. పైన, చలికి ఇంకో పొరగా, అవ్వ చీర మడతలతోనే కప్పి ఉంది. రైల్లో, బస్సుల్లో ఎవరినీ తాకనివ్వని మూటను మా అత్తే విప్పి అక్క మీద కప్పింది. నేను చప్పుడు చేయకుండా బయటికి వచ్చాను.

బయట సమ్మక్క పొయ్యి బాగా మండుతోంది. చాయ్ అడగబోయి, పొయ్యి నోట్లో సగం కాలిన 'శుభముహూర్తం' చూశాను.

"సమ్మక్కా! అవి నా ముక్కలు!"

"పాత పత్రికలే గదా అక్కా? మంచు పట్టి కట్టెలు రాజుకుంటలేవు. గివి మంచిగ అంటుకున్నయి."

ఆమె తప్పేముంది? రాత్రి సంచిలోంచి ముక్కలు తీసి పొయ్యి పక్కన పెట్టి పడుకున్నది నేనే. సంచి అడుగున ఒక్క ముక్క మిగిలింది. సమ్మక్క తనకు తోచిన సాయంగా గోడ మీది పాత క్యాలెండరు అట్ట ఊడదీసి ఇచ్చింది. బస్సు వచ్చేలోపు మిగిలిన ముక్కను చూసి ఒకటి గీసి కోశాను. ఆ కోసినదాన్ని పెట్టి ఇంకొకటి, దాన్ని పెట్టి మరొకటి. ప్రతిసారీ మొదటి ముక్కతోనే గీయాలని నర్సమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. తొందరలో ఆ సంగతే మరిచాను. గీతకు లోపలగా కోస్తుంటే ఒక్కొక్కటీ ముందుదానికంటే వెంట్రుకవాసి సన్నబడుతూ వచ్చిందని నాకు తెలియలేదు.

భూపాలపల్లి: చీర విప్పడం

బస్సులు మారి (ఈసారి బోర్డులు నడిపత్తే మనుషులను అడిగి కనుక్కుంది) పెద్దత్త ఇంటికి చేరాం. ఆమె పొడుగాటి మనిషి, మాట తక్కువ. వాకిట్లో ముగ్గురినీ చూసి, కాళ్లకు నీళ్లు ఇచ్చి, "తిన్నంక మాట్లాడుదాం," అంది. వేడన్నంలో పచ్చిపులుసు. మా జనగామలో ఉల్లిగడ్డ పచ్చిదే వేస్తారు, ఇక్కడ కాల్చి వేశారు. ఆ వాసనకే కడుపు నిండింది.

తర్వాత నేను గొంతు సవరించుకుని చుక్కలు, రెక్కలు, సమానం అని మొదలుపెట్టాను. పెద్దత్త చెయ్యెత్తి ఆపింది.

"ముందుగాల చీరె ఇటియ్యి."

మా అత్త మూట అందించింది. పెద్దత్త చీరను ముఖానికి ఆనించుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత లేచి నిలబడి, కొంగు విప్పి, భుజం మీదుగా వేసుకుంది.

చర్రుమని చప్పుడైంది. భుజం మీది మడత వెంట చీర నిలువునా చీలిపోయింది. కంగారులో ఆమె పట్టుకోబోతే పక్క మడత కూడా చీలింది.

పెద్దత్త రెండు చేతుల్లో రెండు ముక్కలు పట్టుకుని చిన్నపిల్లలా అడిగింది.

"నేను చింపిన్నా?"

ఏదో ఒకటి అనాలని నేను, "మంచిదే అయింది పెద్దత్తా, కత్తెరకు సగం పని తప్పింది," అన్నాను. అనగానే భూమిలోకి పోతే బాగుండనిపించింది. నా అదృష్టం కొద్దీ ఎవరూ విన్నట్టు లేదు. పెద్దత్త అక్కడే గోడకు జారగిలబడి ఏడుస్తోంది.

"అవ్వను ఆఖరుకు చూడలే. నేనొచ్చెవరకు కట్టెల మీద పెట్టిండ్రు. చీరెనన్న పానం నిండ చూద్దామంటే గిట్లయిపాయె."

మా అత్త పోయి పక్కన కూలబడి ఆమె చేతులు పట్టుకుంది.

"నువ్వు చింపలే అక్కా. మడతలల్లనే అరిగిపోయింది. నేనే సందుగల పెట్టి ఎండకు ఎయ్యకపోతిని. మీకిస్తే మళ్ల నాకు రాదని భయపడ్డ."

నడిపత్త కూడా కొంగుతో ముఖం దాచుకుంది. ముగ్గురూ కలిసి ఏడ్చారు. సంవత్సరీకం నాడు ఏడవాల్సిన ఏడుపు అది.

నేను చీరను ఎండలోకి తీసుకుపోయి చూశాను. మడత ఉన్నచోటల్లా దారాలు తేలిపోయాయి. ఆ ముగ్గురిలో ఎవరికి ఇచ్చినా కట్టుకునే స్థితిలో లేదు. మడతల మధ్య మాత్రం పట్టు గట్టిగానే ఉంది.

పెద్దత్త ముక్కు చీది నన్ను పిలిచింది. "ఏందో అంటివి గదనే. మళ్ల చెప్పు, జర నిమ్మళంగ."

అరుగు మీద మూడు చుక్కలు

కత్తెర తీశాను గానీ చీర మీద పెట్టలేక అటూ ఇటూ తిప్పుతున్నాను. నడిపత్త ఊరుకుంటుందా?

"మానుకోటల గంత మాట్లాడితివి. ఇప్పుడేందే, కత్తెర ఆడుతలేదు?"

చివరికి ముగ్గురూ మూడు వైపులా చీరను బిగించి పట్టుకుంటే నేను కోశాను. పలచబడ్డ పట్టుకు బలం చాలదని, మూట చుట్టిన ధోవతిని ముక్కలు చేసి ప్రతి రెక్కకూ కింద అస్తరు వేశాం. మరునాటి నుంచి అరుగు మీద ఎండ పొడలో నలుగురం కూర్చుని కుట్టాం. మా అత్త కుట్లు చీమలబారు, నడిపత్తవి తొందరగా దూరం దూరం. పెద్దత్త ఒక్కొక్క కుట్టుకు అవ్వ మాట ఒకటి చెప్పేది కాబట్టి ఆమె రెక్క ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. వంకర కుట్లు చూసి నా చేతులు దురదపెట్టాయి. ఊడదీసి మళ్లీ కుట్టాలనిపించింది. ముగ్గురు అత్తల మధ్య కూర్చుని ఆ పని చేసేంత ధైర్యం ఏ కోడలికీ ఉండదు.

ఆరు రెక్కలు కలిపి మొదటి చుక్క పూర్తి చేశాను. "చూడుండ్రి," అని అరుగు మీద పరిచాను. పరుచుకోలేదు. నడుమ గొడుగులా పైకి లేచింది. అరచేత్తో ఒత్తాను. పక్కకు లేచింది. క్యాలెండరు ముక్కలు ఎంత సన్నబడ్డాయో అప్పుడు తెలిసింది. ఆరు రెక్కలు కలిసినా చుట్టు నిండలేదు.

పెద్దత్త దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి, లోపలికి పోయి, చల్లకుండ మీద బోర్లించి తెచ్చి చూపించింది. సరిగ్గా సరిపోయింది.

"మూత మంచిగైంది," అంది.

ముగ్గురూ ఎంత నవ్వారంటే వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. పొద్దటినుంచీ అవ్వను తలుచుకుని తడిసిన కళ్లతోనే నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మళ్లీ కోద్దామంటే జరీ మిగల్లేదు. మిగిలిన రెండు చుక్కలూ ఇవే ముక్కలతో సగం అయిపోయాయి.

చేసేది లేక ఒక కుట్టు విప్పాను. చుక్క నేల మీద చదునుగా పడింది, విప్పినచోట సందు మిగిలింది. ఆ సందుకు తగ్గట్టు కాగితం కోసి, చీర ఒంటి నుంచి జరీ లేని ఉత్త ఆకుపచ్చ ముక్క తీసి, సన్నటి సగం రెక్క పెట్టి కుట్టాను. ఈసారి చదునుగా పరుచుకుంది. మూడు చుక్కలూ అలాగే చేయాల్సి వచ్చింది. నర్సమ్మ చూస్తే తలుపేసుకునేది.

నడిపత్త వేలితో రెక్కలు లెక్కపెట్టింది. "గీ రెండు అక్కవి, గీ రెండు నావి, గీ రెండు లచ్చివి. మరి గీ సగం ముక్క ఎవలిది?"

పెద్దత్త దారం పంటితో తెంపుతూ అంది. "పిలువకున్నా నడుమ దూరింది గదా. గిది గీ పిల్లదే."

ఇల్లు చేరాక

తిరుగు ప్రయాణంలో పరకాల మీదుగా సరైన బస్సులోనే వచ్చాం. చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు. బొంతలు మూడూ ఆ చలికాలం పోయేలోపు పూర్తయ్యాయి. మానుకోటది, భూపాలపల్లిది మా అత్త స్వయంగా తీసుకుపోయి ఇచ్చి, ఒక్కొక్క చోటా వారం రోజులు ఉండి వచ్చింది. నన్ను రమ్మనలేదు. దారి తప్పకుండా పోవాలట.

మా ఇంటికి ఎవరొచ్చినా ఇప్పుడు బొంత చూపించేది నేను కాదు, మా అత్తే. మొన్న ఎవరో చుట్టాలామె చుక్క మీద చెయ్యి వేసి, "అన్నీ మంచిగున్నయి గని వదినా, గీ సన్న ముక్కేంది వంకరగ?" అని అడిగింది.

నేను తల దించుకుని చాయ్ గ్లాసులు సర్దుతున్నాను.

"గా ముక్కా?" అంది మా అత్త. "గది మా కోడలు. తీసేద్దామంటే చుక్కంత ఊడుతది. అందుకే ఉంచుకున్నం."